పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకపడుతుంటే
నిన్నటిదాకా బాగానే ఉన్న అమ్మమ్మ సాయంత్రం నుంచి లేని పురుగుల్ని దుప్పటి మీద నుంచి దులుపుతూ, మాట మధ్యలోనే మగతలోకి జారిపోతుంటే "వయసు కదా" అని దయచేసి వదిలేయకండి. గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో ముదిరే ఈ స్థితి డెలీరియం. ఇది ఎమర్జెన్సీ. యూరిన్ ఇన్ఫెక్షన్, న్యుమోనియా, సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, ఏదైనా కారణం కావచ్చు. ఇంట్లో మిషన్ ఉంటే ముందు షుగర్ చూసి, వాడే మందులన్నీ సంచిలో వేసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, ఎప్పుడు మొదలైందో కచ్చితంగా చెప్పండి. అక్కడ కళ్లద్దాలు, వినికిడి మిషన్ తీసేయకండి.

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అలా కాదు, నెలలు, ఏళ్ల మీద మెల్లగా వస్తుంది. పోపు వేయడం మర్చిపోతే మామూలే, ముప్పై ఏళ్లుగా కాస్తున్న చారు ఎలా పెట్టాలో తెలియక పొయ్యి ముందు నిలబడిపోతే డాక్టరుకు చూపించాలి. విటమిన్ బీ12, థైరాయిడ్ పరీక్షలు అడగండి, ఆ లోపాల వల్ల కూడా మతిమరుపు రావచ్చు, వాటికి మందులున్నాయి.