ఎల్పీ రికార్డులను తొట్టి పరికరంతో ఇంట్లో కడిగే పద్ధతి

రికార్డును కడగవలసిన అవసరం ఉందో లేదో ముందు చెవితోనే తేల్చుకోవాలి. పాట సాగుతున్నప్పుడు ఒక వరస అంటూ లేకుండా ఎక్కడ పడితే అక్కడ చిటపటలు వినిపిస్తుంటే, చాలావరకు అది గాడిలో, అంటే సూది నడిచే సన్నని చాలులో, చేరిన దుమ్ము, వేలిముద్రల జిడ్డు, బూజు చేసే చప్పుడు. అలా కాక ఒకే ‘టక్’ శబ్దం 1.8 సెకన్లకొకసారి తాళం వేసినట్టు వినిపిస్తే మాత్రం అది గీత. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డుకు ఒక చుట్టు పూర్తి కావడానికి పట్టే కాలం అంతే కాబట్టి, సూది ప్రతి చుట్టులోనూ అదే గీతను దాటుతోందని అర్థం. గీతను ఏ నీళ్ళూ మాపలేవు. అరిగిన సూదితో ఏళ్ళ తరబడి వాయించినందువల్ల గాడి గోడలే దెబ్బతిని, తారస్థాయికి వెళ్ళినప్పుడల్లా గొంతు జీరపోయినట్టు పలికే రికార్డులు కూడా కడిగితే బాగుపడవు. ఈ రెండూ కానివాటిని పక్కకు తీసిపెట్టుకుంటే, శ్రమకు తగిన ఫలితం ఇచ్చే రికార్డులే చేతిలో మిగులుతాయి.

పన్నెండు అంగుళాల రికార్డుకు ఒక్కో వైపు ఉన్నది చుట్టలు చుట్టుకున్న ఒకే ఒక్క గాడి. దాన్ని విప్పి పరిస్తే దాదాపు అర కిలోమీటరు పొడవు ఉంటుంది, వెడల్పు మాత్రం తల వెంట్రుక పాటి. ధ్వని ఆ గాడి రెండు గోడల మీద చెక్కి ఉంటుంది. దుమ్ము అడుగుకు జారి, జిడ్డుతో కలిసి గోడలకు అంటుకుంటుంది. అందువల్ల పొడిగుడ్డతో గట్టిగా తుడిస్తే పైన కనిపించే దుమ్ము పోయినట్టు అనిపించినా, సగం మురికి లోపలికి దిగబడుతుంది; పైగా ఆ రాపిడికి పుట్టే స్థిరవిద్యుత్తు గదిలోని దుమ్మును మళ్ళీ రికార్డు మీదికి పిలుస్తుంది. మురికిని నీళ్ళలో నానబెట్టి, బ్రష్షు వెంట్రుకల కొసలతో కదిలించి, ఆ నీళ్ళతో పాటే బయటికి పంపడమే సరైన మార్గం.

ఈ పనికి కరెంటు అక్కరలేని తొట్టి పరికరాలు ఎప్పటినుంచో ఉన్నాయి. 1975 నుంచి అమెరికాలో తయారవుతున్న స్పిన్‌క్లీన్, జర్మనీకి చెందిన నోస్టీ డిస్కో యాంటీస్టాట్ వీటిలో బాగా తెలిసినవి. రెండింటిలోనూ రికార్డు సన్నని తొట్టిలో నిలువుగా నిలబడుతుంది, దానికి రెండు పక్కలా బ్రష్షులు ఆనుకుని ఉంటాయి, మనం చేత్తో తిప్పితే రెండు ముఖాలూ ఒకేసారి శుభ్రపడతాయి. మొదటిదానిలో రికార్డు అంచు చిన్న రోలర్ల మీద కూర్చుంటుంది. 7, 10, 12 అంగుళాల రికార్డులకు రోలర్లను వేర్వేరు గాట్లలోకి మార్చుకోవాలి. రెండోదానిలో నడిమి బెజ్జం గుండా ఒక ఇరుసు బిగించి, లేబుల్‌ను రెండు బిళ్ళలతో మూసివేస్తారు. లేబుల్ తడుస్తుందన్న భయం ఉన్నవారికి రెండో పద్ధతి నిశ్చింతగా ఉంటుంది. వరసగా ఇరవై రికార్డులు కడగాలనుకునేవారికి బిగించడం, విప్పడం లేని మొదటిదే చేతికి సులువు. వందల్లో రికార్డులు ఉన్నవారికి కూడా వీటిలో ఏదో ఒకటి చాలునని, మోటారుతో నీళ్ళు పీల్చే ఖరీదైన యంత్రాల జోలికి వెంటనే వెళ్ళనక్కరలేదని నా అభిప్రాయం.

పరికరం కన్నా ముఖ్యమైనది నీళ్ళు. కుళాయి నీళ్ళలో, అంతకుమించి మన బోరు నీళ్ళలో, సున్నపు లవణాలు కరిగి ఉంటాయి. బకెట్టు అంచున, గీజరు లోపల తెల్లగా పేరుకునేది అదే. రికార్డు మీద అలాంటి నీళ్ళు ఆరితే ఆ తెల్లపొడే గాడిలో మిగిలి, పాత చిటపటల స్థానంలో కొత్తవి మొదలవుతాయి. ఆర్‌ఓ యంత్రం నుంచి వచ్చే నీళ్ళు నయమే గాని వాటిలో కూడా లవణాలు పూర్తిగా పోవు. డిస్టిల్డ్ వాటర్ వాడటమే మేలు. ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోయడానికి దుకాణాల్లో క్యాన్లలో ఈ పేరుతోనే అమ్ముతారు. కాకపోతే అదే దుకాణంలో బ్యాటరీ ఆసిడ్ కూడా అమ్ముతారు కనుక క్యాన్ మీద రాసినది చదవకుండా డబ్బు ఇవ్వకూడదు. అనుమానం ఉంటే అద్దం మీద ఒక చుక్క వేసి ఆరనివ్వండి: మచ్చ మిగలకపోతే ఆ నీళ్ళు పనికివస్తాయి. గిన్నెలు తోమే ద్రవాన్ని కలిపే అలవాటు కొందరికి ఉంది, కాని దానిలోని రంగు, సువాసన కోసం వేసే పదార్థాలు రికార్డు మీద పొరగా నిలుస్తాయి. పరికరంతో వచ్చిన ద్రవాన్నే, చెప్పిన మోతాదులోనే వాడాలి. స్పిన్‌క్లీన్‌కు మూడు మూతల ద్రవాన్ని బ్రష్షుల పొడవునా పడేట్టు పోస్తే చాలు. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రపడదు, నురగ మిగులుతుంది.

కడగడానికి ముందు మెత్తని బ్రష్షుతో పైపై దుమ్మును దులిపేయాలి, లేకపోతే మొదటి రికార్డుకే తొట్టి నిండా నూగు తేలుతుంది. తొట్టిలో గుర్తుగా ఉన్న గీత వరకు నీళ్ళు పోసి, బ్రష్షులు తడిసేదాకా ఆగి, రికార్డును అంచులతో పట్టుకుని నిదానంగా దింపాలి. ఒక దిక్కుగా మూడు చుట్లు, దానికి ఎదురు దిక్కుగా మూడు చుట్లు తిప్పడం సాధారణ పద్ధతి. పాత దుకాణాల్లోనో ఆదివారం సంతల్లోనో కొన్న రికార్డులకు నేను ఒక్కో దిక్కుగా పది చుట్లు తిప్పుతాను, మధ్యలో ఒక నిమిషం పాటు గాడులలో కొంత భాగం మునిగి ఉండేట్టు ఆపుతాను. తొందరపడి తిప్పడం వల్ల లాభం లేదు. నీళ్ళు లేబుల్ మీదికి చిందుతాయి, అంతే. లేబుల్ మీద చుక్క పడితే రుద్దకుండా గుడ్డతో అద్దాలి.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. నిజానికి కడగడం సగమే. బయటికి తీసిన రికార్డు మీద ఉన్నది మురికి కరిగిన నీళ్ళు. అవి అక్కడే ఆరితే మనం కదిలించిన మురికి మళ్ళీ గాడిలోనే స్థిరపడుతుంది. కాబట్టి రికార్డును తొట్టి మీద ఏటవాలుగా పట్టుకుని కాసేపు కారనిచ్చి, రెండో పాత్రలో ఉంచుకున్న, ద్రవమేదీ కలపని డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి జాలించడం మంచిది. దీనికోసం రెండో తొట్టి కొననక్కరలేదు, మొక్కలకు వాడే స్ప్రే సీసా కొత్తది ఒకటి చాలు. తరువాత నూగు రాలని మెత్తని మైక్రోఫైబర్ గుడ్డను గాడి వెంబడే, గుండ్రంగా కదిలిస్తూ తడిని పీల్చనివ్వాలి. అడ్డంగా తుడవకూడదు, నొక్కి రుద్దకూడదు. ఒక గుడ్డ తడిసి ముద్దయ్యాక దానితోనే తుడవడం మురికిని పంచిపెట్టడమే కనుక, పది రికార్డులకు కనీసం మూడు నాలుగు గుడ్డలైనా దగ్గర ఉండాలి. ఆ తరువాత గిన్నెల స్టాండులాంటి దానిలో, గాడులకు ఏదీ తగలకుండా, పదిహేను ఇరవై నిమిషాలు నిలబెట్టాలి. త్వరగా ఆరుతాయని నేను మొదట్లో ఫ్యాను కింద పెట్టి, గదిలోని దుమ్మంతా తడి రికార్డులకు అంటించుకున్నాను. ఎండలో పెట్టడం, జుట్టు ఆరబెట్టే యంత్రం వాడటం అంతకన్నా ప్రమాదం: రికార్డు తయారైన వినైల్ అనే ప్లాస్టిక్ వేడికి వంగిపోతుంది, ఆ వంపు మళ్ళీ తిన్నగా కాదు.

నీళ్ళు ఎప్పుడు మార్చాలన్నది రికార్డుల మురికిని బట్టి ఉంటుంది. అడుగున మడ్డి కనిపించినా, నీళ్ళ రంగు మారినా పారబోయాలి. ఇరవై రికార్డులు దాటాక ఎలా ఉన్నా మార్చడం నా అలవాటు. కోస్తా జిల్లాల తేమలో, వానకాలంలో బీరువాల్లో మగ్గిన రికార్డుల మీద తెల్లని చుక్కలుగా బూజు కనిపిస్తుంది. వాటిని అన్నిటికన్నా చివర కడిగి, ఆ నీళ్ళు పారబోసి, బ్రష్షులను కూడా కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. బూజు ఎక్కువ కాలం ఉన్నచోట గాడి మీద మచ్చ పడి ఉంటే కొంత చప్పుడు మిగిలే ఉంటుంది.

నిమిషానికి 78 చుట్లు తిరిగే తాతల కాలపు రికార్డుల విషయం వేరు. మన దేశంలో 1960లలో కూడా తయారైన ఆ రికార్డులు వినైల్‌వి కావు, లక్కతో చేసినవి. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. కడిగే ద్రవంలో ఆల్కహాల్ ఉందేమో సీసా మీద చూసుకుని, ఉంటే వాటి దరిదాపులకు కూడా తీసుకురాకూడదు. నీళ్ళలో కూడా నానబెట్టకుండా రెండు మూడు చుట్లు తిప్పి వెంటనే తుడిచేయాలి. పగులు బారినవాటిని తొట్టిలో దింపనే కూడదు, చేత్తో తడిగుడ్డ అద్దుకోవడమే క్షేమం.

ఆరిన రికార్డును పాత కాగితపు లోపలి కవరులోనే తిరిగి పెడితే, అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్న సామెత గుర్తుకు రాక తప్పదు. లోపల పాలిథీన్ పొర ఉన్న కొత్త లోపలి కవరు వేసి, పాతదాని మీద పాటల వివరాలు ముద్రించి ఉంటే దాన్ని వేరుగా అట్టలోనే దాచుకోవచ్చు. కడిగిన తరువాత మొదటిసారి వాయించినప్పుడు ఒక వైపు పూర్తికాగానే సూదిని చూడండి. గాడి అడుగున వదులైన మురికి కొంత సూది కొసన నూగులా చుట్టుకుని వస్తుంది. దాన్ని చిన్న బ్రష్షుతో వెనక నుంచి ముందుకు మాత్రమే దులిపి, అప్పుడు రెండో వైపు తిప్పి పెట్టాలి.