డేటాబేస్ పాఠాలు, 7వ భాగం: ఒకే నంబరుతో రెండు బిల్లులు

పోయినసారి బిల్లు నంబరు ఇచ్చే కోడ్ రాయమన్నాను. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకటే పద్ధతి: టేబుల్లో పెద్ద నంబరు ఏదో చూడటం, దానికి ఒకటి కలపటం. ఒక్కరే కూర్చుని టెస్ట్ చేస్తే ఇందులో తప్పు ఎప్పటికీ బయటపడదు. అందుకే ఇండెక్సుల పాఠం వచ్చేసారికి వాయిదా వేశాను.

టేబుల్ కట్టడం, ట్రాన్సాక్షన్ మొదలుపెట్టడం మీకు వచ్చు. అవి మళ్లీ చెప్పను.

బట్టల కొట్టు, రెండు కౌంటర్లు. చివరి బిల్లు 1041. మొదటి కౌంటరు మ్యాక్స్ అడిగితే 1041 వచ్చింది. ఆ కౌంటరు కొత్త బిల్లు కమిట్ (డేటాబేస్‌లో ఖాయం) కాకముందే రెండో కౌంటరూ అడిగింది, దానికీ 1041 వచ్చింది. ఇద్దరు కస్టమర్ల చేతిలోనూ 1042. నేను పనిచేసిన ఒక చోట పండగ ముందురోజు ఇదే జరిగింది. రాత్రి పదకొండింటిదాకా కాగితం బిల్లులు ఒక్కొక్కటీ పట్టుకుని సరిచూశాం.

‘మేం ట్రాన్సాక్షన్‌లోనే పెట్టాం కదా’ అన్నారు కొందరు. దయచేసి ఈ ఒక్కటి మనసులో పెట్టుకోండి: ట్రాన్సాక్షన్ ఉన్నంత మాత్రాన తాళం (లాక్) పడదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మామూలుగా ఉండే రీడ్ కమిటెడ్‌లో (ఇతరులు కమిట్ చేసినవి మాత్రమే కనిపించే పద్ధతిలో) ఉత్త సెలెక్ట్ ఇంకొకరి సెలెక్ట్‌ను ఆపదు. ఇద్దరూ చదువుతారు, ఇద్దరికీ పాత నంబరే కనిపిస్తుంది. యునీక్ నిబంధన (ఒకే నంబరు రెండుసార్లు రాకూడదనేది) ఉంటే రెండోవాళ్లకు ఎర్రర్ వస్తుంది. లేకపోతే ఆ తప్పు చడీచప్పుడు లేకుండా టేబుల్లో చేరిపోతుంది. కాబట్టి ఏ పద్ధతి వాడినా యునీక్ పెట్టాల్సిందే.

సీక్వెన్స్ (డేటాబేసే వరుసగా నంబర్లు ఇచ్చే ఏర్పాటు) వాడితే డూప్లికేట్లు రావు, కానీ ఖాళీలు వస్తాయి. సీక్వెన్స్‌లో తర్వాతి నంబరు అడిగే నెక్స్ట్‌వాల్ ఇచ్చిన నంబరు, ట్రాన్సాక్షన్‌ను రోల్‌బ్యాక్ (రద్దు) చేసినా తిరిగి రాదు. ఒరాకిల్ సీక్వెన్స్ మామూలుగా 20 నంబర్లు ముందే మెమరీలోకి తీసుకుంటుంది, సర్వర్ పడిపోతే వాడనివి పోతాయి. రికార్డు ఐడీకి ఇవేమీ ఇబ్బంది కాదు. ఇన్‌వాయిస్ అలా కాదు. జీఎస్టీ 46వ నియమం ప్రకారం దానికి 16 అక్షరాలు మించని, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాని వరుస నంబరు ఉండాలి. నేనైతే ఐడీకి ఒక కాలమ్, బిల్లు నంబరుకు ఇంకో కాలమ్ పెడతాను.

బిల్లు నంబరు కోసం చిన్న కౌంటర్ టేబుల్ (నంబర్ల లెక్క ఉంచేది) కట్టండి: సిరీస్ పేరు, చివరి నంబరు. ఒకే అప్‌డేట్‌తో చివరి నంబరుకు ఒకటి కలిపి, రిటర్నింగ్‌తో (మార్చిన విలువను వెంటనే తిరిగిచ్చే మాట) ఆ కొత్త నంబరునే తీసుకోండి. బిల్లు ఇన్సర్ట్ కూడా అదే ట్రాన్సాక్షన్‌లో ఉండాలి. అప్‌డేట్ ఆ రో మీద తాళం వేస్తుంది. రెండో కౌంటరు ఆగి, మొదటిది కమిట్ అయ్యాక 1043 తీసుకుంటుంది. మొదటిది రోల్‌బ్యాక్ అయితే రెండోదానికే 1042 వస్తుంది. ఆ కాస్త ఆగడం వల్లే వరుస తప్పదు. అందుకే సరుకుల లెక్క, పన్ను, స్టాక్ అన్నీ అయ్యాక, కమిట్‌కు కాస్త ముందు నంబరు తీసుకోండి. కస్టమర్ ఫోన్ నంబరు టైప్ చేసేదాకా తాళం పట్టుకుని కూర్చోకూడదు.

ఏప్రిల్ 1న కొత్త ఆర్థిక సంవత్సరపు సిరీస్ రో లేకపోతే అప్‌డేట్ ఎర్రర్ ఇవ్వదు, సున్నా రోలు మారుస్తుంది. ఆ రోను మార్చిలోనే చేర్చండి.

అభ్యాసం: 50 కనెక్షన్లు, ఒక్కోదాని నుంచి 200 బిల్లులు. ప్రతి పదో బిల్లునూ మొదటిసారి కావాలనే రోల్‌బ్యాక్ చేసి, మళ్లీ వేయండి. చివరికి బిల్లులు 10,000, నంబర్లు 1 నుంచి 10,000 దాకా ఒక్క ఖాళీ లేకుండా రావాలి. అదే పరీక్ష మీ పాత కోడ్‌తోనూ నడిపి, రెండు ఫలితాలూ పంపండి.