ఎర్రనేల మామిడి పాదుల్లో ఆకు, గడ్డి కప్పడం: నా అనుభవం

పర్లాకిమిడి దగ్గరి మా ఎర్రనేల తోటలో వేసవి వచ్చేసరికి మామిడి అంట్ల పాదులు గట్టి పెచ్చు కట్టేవి. పోసిన నీరు ఇంకక పక్కకు జారిపోయేది. తవ్వకం, అదనపు తడులు, చెరువు మట్టి ఏవీ నిలకడైన ఫలితమివ్వలేదు.

చివరకు పనిచేసినది ఇది: వానలు వెనకబట్టే వేళ, నేలలో తడి ఉండగానే కలుపు తీసి, బాగా చివికిన పశువుల ఎరువును పలుచగా పరచి, దానిపైన జీడిమామిడి ఎండుటాకులు, వరిగడ్డి కలిపి, కొమ్మల నీడ పడేంత మేర బెత్తెడు మందాన కప్పాను. మొదలు చుట్టూ జానెడు ఖాళీ వదలాలి, లేకుంటే తడికి బెరడు కుళ్లవచ్చు. ఎరువు ముందు వేయడం ఎందుకంటే, గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పైమట్టిలోని నత్రజనిని కొంతకాలం తామే వాడుకుంటాయి; ఆ లోటును ఎరువు కొంత పూడుస్తుంది.

ఇప్పుడు నీరు ఇంకుతోంది. అయితే నీరు నిలిచే పల్లపు నల్లరేగడిలో ఇదే మందం సరిపడుతుందని చెప్పలేను. చెదలున్న చోట ముందుగా ఒకటి రెండు పాదుల్లో చూసుకోవడం మేలు.