ఎమర్జెన్సీ స్టాప్, టవర్ లైట్ కొనేముందు: విశాఖ యూనిట్లకు జాగ్రత్తలు

ముందు మెషిన్ దగ్గర నిలబడండి. ఆపరేటర్ చెయ్యి ఎక్కడిదాకా అందుతుందో చూశాకే కేటలాగ్ తెరవండి.

• బటన్ ఎరుపు, వెనక పసుపు. నొక్కితే లాక్ అయి ఉండాలి. తిప్పి వదిలినంత మాత్రాన మెషిన్ తిరగకూడదు, స్టార్ట్ విడిగా నొక్కాల్సిందే. ఎమర్జెన్సీ స్టాప్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13850 ప్రకారం బటన్ ఎత్తు నేల నుంచి 0.6–1.7 మీటర్లు.

• బటన్ వెనక కరెంటు దారిని కలిపే, తెంపే కాంటాక్ట్ ఎన్‌సీ (నార్మల్లీ క్లోజ్డ్) రకమే, అంటే మామూలుగా మూసి ఉండి, నొక్కితే తెరుచుకుని సర్క్యూట్ తెంపేది. అసలు భయం ఇక్కడుంది: అదురుకి వెనకున్న కాంటాక్ట్ బ్లాక్ ఊడితే ఎన్‌సీ మూసుకునే ఉండిపోతుంది. ఎంత గట్టిగా నొక్కినా మెషిన్ ఆగదు, పైకి మాత్రం బటన్ బాగానే కనిపిస్తుంది. బ్లాక్ ఊడగానే సర్క్యూట్ తెగే సెల్ఫ్ మానిటరింగ్ రకం అడగండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా దీని దగ్గర బేరం వద్దు.

• మన ఊరి ఉప్పుగాలికి మామూలు ఇనుప స్క్రూలు, బాక్సులు తుప్పు పడతాయి. గాజువాక ఆటోనగర్‌లో మూసి ఉన్న షెడ్డుకు ఐపీ65 (దుమ్ము చొరకుండా, నీటి ధారను తట్టుకునే రక్షణ స్థాయి) సరిపోవచ్చు. రొయ్యల ప్లాంట్లో వేడినీళ్ల ప్రెషర్‌తో కడిగే చోట ఐపీ69కె (IP69K) రకం చూడండి. సాల్వెంట్ ఆవిరి ఉండే ఫార్మా యూనిట్లో మామూలు స్విచ్ పెట్టనే వద్దు, పేలుడు వాతావరణానికి సర్టిఫై చేసినదే కావాలి.

• టవర్ లైట్ (మెషిన్ స్థితి చెప్పే రంగు దీపాల స్తంభం) రంగులు: ఎరుపు ప్రమాదం, పసుపు ఏదో తేడా, ఆకుపచ్చ మామూలు, నీలం ఆపరేటర్ కలగజేసుకోవాలి. ఫ్యాక్టరీ అంతటా ఇవే అర్థాలు. ఎండలో కనబడుతున్నాయా? మోత ఎక్కువుంటే బజర్ వినబడదు, ఫ్లాషింగ్ (వెలిగి ఆరే) లైటు తీసుకోండి.

• రిపేరుకు చెయ్యి పెట్టేముందు ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే చాలదు. మెయిన్ స్విచ్ ఆపి దానికి తాళం వేయాలి.