సరుగుడు వరస ఆకు రాలుస్తుంటే కారణం పట్టుకోవడం ఎలా?

కొత్తపట్నం నుంచి మైపాడు దాకా సముద్రతీరపు ఇసుక నేలల్లో తోటకు గాలి అడ్డం కావాలంటే ఎక్కువమంది నాటేది సరుగుడే. సర్వి అని పిలిచేవారూ ఉన్నారు. ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఈ చెట్టు ఉన్నట్టుండి ఆకు రాల్చడం మొదలుపెడితే, చాలామంది నేరుగా పురుగుమందుల దుకాణానికి వెళ్తారు. దయచేసి ఒక్కపూట ఆగండి. కారణం తెలియకుండా మందు కొడితే డబ్బు పోతుంది, ఈలోగా అసలు జబ్బు ముదురుతుంది. ఒక పదునైన కత్తి, ఒక పలుగు, గాజు గ్లాసుతో మంచినీళ్ళు తీసుకుని ఉదయం పూట చెట్ల దగ్గరికి వెళ్ళండి.

రాలినదాన్ని చేతిలోకి తీసుకోండి

సూదిలా సన్నగా ఉండే రాలిన ఆకు ఒకదాన్ని రెండు చివర్లా పట్టుకుని మెల్లగా లాగితే కణుపు దగ్గర విడిపోతుంది. విడిపోయిన చోట చుట్టూ ఏడెనిమిది సన్నని పళ్ళలాంటివి కనిపిస్తాయి. అవే ఈ చెట్టు అసలు ఆకులు. మనం ఆకు అంటున్న పచ్చని సూది నిజానికి ఒక సన్నని రెమ్మ. ముదిరిన రెమ్మలను చెట్టు ఎప్పుడూ వదిలేస్తూనే ఉంటుంది, చెట్ల కింద పరుపులా పేరుకునేది అదే. కొమ్మ మొదలు దగ్గర రాలి కొసలు పచ్చగా ఉంటే కంగారు పడకండి. ఒత్తుగా నాటిన వరసలో కింది కొమ్మలు ఎండ తగలక బోసిపోవడం కూడా మామూలే. కొసలే ఎర్రబడి ఎండుతుంటే మాత్రం వెతకాల్సిందే.

దూరంగా నిలబడి వరసంతా చూడండి

ముప్పై అడుగులు వెనక్కి నడిచి చూస్తే దగ్గర్లో కనిపించనిది కనిపిస్తుంది. అన్ని చెట్లకూ తూర్పు వైపే మాడితే అది ఉప్పుగాలి పని, తుపాను వెళ్ళిన కొద్ది రోజులకు ఇలా కనిపిస్తుంది. పక్క పొలం వైపే మాడితే అక్కడ కలుపుమందు ఎప్పుడు కొట్టారో అడగండి. పల్లంలో ఉన్న చెట్లే దెబ్బతింటే నీరు నిలిచిందని అనుమానించాలి. రొయ్యల చెరువు కట్ట వైపు నుంచి మొదలైతే ఉప్పు ఊట. ఒక చెట్టు ఎండి, కొన్నాళ్ళకు దాని పక్కది, ఆపైన దాని పక్కది పోతుంటే తెగులు కావచ్చు.

గడిచిన ఏడాదిలో ఏం జరిగిందో రాసుకోండి

నేను తప్పు చేసింది ఇక్కడే. మా సపోటా తోట గట్టున ఒక వేసవిలో పదకొండు చెట్లు పైనుంచి కిందికి పలచబడ్డాయి. పురుగనుకుని రెండుసార్లు మందు కొట్టించాను, ఫలితం లేదు. చివరికి తవ్వి చూస్తే ఆ పదకొండింటికీ ఒక పక్క వేళ్ళు తెగి మోడుల్లా ఉన్నాయి. అంతకుముందు సంక్రాంతి తర్వాత పైపులైను కోసం గట్టు వెంట యంత్రంతో కాలువ తీయించింది నేనే. చలికాలంలో చెట్టు నెట్టుకొచ్చింది. మేలో వడగాలి మొదలయ్యాక సగం వేళ్ళతో తోడుకున్న నీళ్ళు చాలలేదు. వేరుకు తగిలిన దెబ్బ ఆకులో కనిపించడానికి నెలలు పట్టవచ్చు. అందుకే గోతులు, దున్నకం, కొత్త చెరువు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడిన వానలు, అన్నీ గుర్తు చేసుకోవాలి.

బెరడు గీకండి

సన్నని కొమ్మతో మొదలుపెట్టి కాండం వరకు అక్కడక్కడ గోరంత మేర గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే అంతవరకు చచ్చిపోయినట్టే. కాండం మీద బొబ్బలు లేచి, అవి పగిలి వేలికి మసిలాంటి నల్లని పొడి అంటితే అది బెరడు బొబ్బ తెగులు, శిలీంధ్రం వల్ల వస్తుంది. దానికి నమ్మదగిన మందు లేదు. ఆ చెట్టును వేళ్ళతో సహా తీసి కాల్చి, పక్క చెట్ల వేళ్ళు ఆ చోటును తాకకుండా కందకం తీయాలి. బెరడు మీద పొట్టు, పెంటికలు కలిసిన గూడు చారలు ఉంటే బెరడు తినే పురుగు. గూడును తుడిచేసి, రంధ్రంలో ఇనుప తీగ గుచ్చి పురుగును చంపి, కిరోసిన్ తడిపిన దూది పెట్టి మట్టితో మూయండి.

వేరు దగ్గరికి వెళ్ళండి

మొదలుకు మూరెడు దూరంలో జాగ్రత్తగా తవ్వండి. ఆరోగ్యమైన వేరు గట్టిగా ఉంటుంది. నల్లబడి మురుగు వాసన వేస్తే నీరు నిలిచిందని అర్థం. గుత్తుల్లా కనిపించే బొడిపెలను రోగమనుకుని తెంపకండి, వాటిలో ఉండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది. పాలిపోయిన చెట్టుకు యూరియా గుమ్మరించడం వల్ల పెద్దగా మేలు లేదు.

చెట్టు కొద్ది రోజుల్లోనే నిలువునా వాడిపోతుంటే గ్లాసు పని ఇప్పుడు. మొదలు దగ్గరి ముక్క ఒకటి కోసి, కోసిన వైపు నీటిలో మునిగేలా కదలకుండా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో పాలధారలా సన్నని పోగు కిందికి దిగితే అది బాక్టీరియా వడలు తెగులు. వంగ, టమాటాలను నిలువునా వాడ్చేదీ ఇదే, కాబట్టి ఆ చోట ముందు ఏ పంట వేశారో కూడా చూసుకోండి.

మట్టి, నీరు

ఎండుతున్న చెట్టు కింద ఒక నమూనా, బాగున్న చెట్టు కింద ఒక నమూనా విడివిడిగా తీయండి. ఒక్కటే తీస్తే పోల్చి చూడలేం. బోరు నీరు ఒక సీసాలో పట్టండి. దర్శిలో, నెల్లూరులో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి, పరీక్ష ఎక్కడ చేయించాలో అక్కడ అడగండి. మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత (ఇ.సి.) అంకె మీటరుకు 4 డెసీసైమన్లు దాటితే ఉప్పు నేలగా లెక్క. సరుగుడు ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది, అందుకే బాగున్న చెట్టు కింది అంకెతో తేడా ఎంతో చూడటం ముఖ్యం.

కారణం తేలేదాకా కత్తిరింపు జోలికి పోకండి. మన తీరపు సరుగుడు ముదురు కొయ్య నుంచి చిగురు వేయడం కష్టం, పచ్చదనం దాటి లోపలికి నరికితే ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది. ఇంకా పచ్చగా ఉన్న నాలుగు కొసలకు రంగు దారం కట్టి నెల తర్వాత మళ్ళీ చూడండి. దారం దాటి కొత్త సూదులు వస్తే చెట్టు కోలుకుంటోంది. దారం కట్టిన చోటే ఎండిపోతే, ఆ గుంతలో వేయడానికి అక్టోబరు వానల నాటికి కొత్త మొక్క సిద్ధం చేసుకోండి.