తుఫాను హెచ్చరిక ప్రాంతాన్ని మ్యాప్ మీద సరిగ్గా గీయడం ఎలా?

అక్టోబరు వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఎర్ర గీతల మ్యాపులు తిరగడం మొదలవుతుంది. టీవీ తెరను ఫోటో తీసి, దాని మీద వేలితో ఒక సున్నా చుట్టి పంపేస్తారు. ఏ రోజుదో, ఏ టైముదో అందులో ఉండదు. వజ్రపుకొత్తూరులో పడవను ఇంకాస్త పైకి లాగాలా అని ఆలోచిస్తున్న మనిషికీ, మందసలో జీడితోట పాకలో పడుకునే మనిషికీ ఆ సున్నా చేసేది కీడే. అసలు హెచ్చరికలో హద్దు అంకెల్లో వస్తుంది. ఆ అంకెలను మ్యాప్ మీదకు ఎక్కించడానికి గంట కూడా పట్టదు, జాగ్రత్తగా చేస్తే.

ముందు కావాల్సినవి. ఒక మామూలు కంప్యూటరు, అందులో క్యూజీఐఎస్ అనే మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్. ఇది ఉచితం. ఆన్‌లైన్‌లో మ్యాపులు గీసే సైట్ల జోలికి వెళ్లకండి. నెట్ పోయిన మరుక్షణం అవి పనికిరావు, తుఫాను రోజున ముందు పోయేది నెట్టే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటే లేదు. అందుకే జిల్లా, మండల, గ్రామాల హద్దుల లేయర్లన్నీ (మ్యాప్ మీద పరిచే పొరలు) సెప్టెంబరులోనే మీ కంప్యూటర్లో జియోప్యాకేజీ (ఆ పొరలను దాచే ఫైలు రకం) ఫైలుగా దాచుకోవాలి.

ఆ హద్దులు 2022 ఏప్రిల్ 4 తర్వాతివేనా అని తప్పకుండా చూడండి. ఆ రోజు నుంచి పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. కొన్ని హెచ్చరికల్లో పాలిగాన్ (హద్దును చెప్పే పాయింట్ల వరస) ఉండదు, జిల్లా పేరు మాత్రమే ఉంటుంది. అప్పుడు జిల్లా మొత్తానికి రంగు వేస్తాం కదా. పాత ఫైలు వాడితే శ్రీకాకుళానికి ఇచ్చిన రెడ్ అలర్ట్ రాజాం మీద కూడా పడుతుంది.

తర్వాత హెచ్చరిక ఫైలు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి సచేత్ పోర్టల్ నుంచి గానీ, వాతావరణ శాఖ సైటు నుంచి గానీ తీసుకోండి. బొమ్మ కాదు, ఫైలే కావాలి. ఇవి క్యాప్ అనే, హెచ్చరికలు రాసే ప్రామాణిక పద్ధతిలో ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చాలు, చదవొచ్చు. హెచ్చరిక కొత్తదా, అప్‌డేటా, క్యాన్సిలా అన్నది మొదట చూడండి. తర్వాత ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్న టైములు. చివర ప్లస్ 05:30 అని ఉంటే అది మన టైమే. తుఫాను బులెటిన్లలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కూడా ఇస్తారు, దానికి ఐదున్నర గంటలు కలపాలి. 0300 యూటీసీ అంటే మనకు ఉదయం 8:30.

ఇక అందరూ బోల్తా పడే చోటు. దీన్ని నిదానంగా చదవండి.

క్యాప్ ఫైల్లోని పాలిగాన్‌లో ప్రతి పాయింటుకీ ముందు అక్షాంశం, తర్వాత కామా, ఆ తర్వాత రేఖాంశం ఉంటాయి. పాయింటుకీ పాయింటుకీ మధ్య ఖాళీ ఉంటుంది. క్యూజీఐఎస్‌కి మాత్రం ముందు రేఖాంశం ఇవ్వాలి. ఫైల్లో 18.34,84.12 అని ఉన్న కళింగపట్నాన్ని అలాగే ఎక్కిస్తే అది 84 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి, అంటే నార్వేకి పైనున్న ఆర్కిటిక్ మంచు సముద్రంలోకి పోతుంది. మ్యాప్ ఖాళీగా కనిపిస్తుంది. జనం ఫైలే చెడిపోయిందని వదిలేసి మళ్లీ టీవీ ఫోటోకే వెళ్తారు.

ఎక్స్, వై తారుమారు చేసే టూల్ క్యూజీఐఎస్‌లో ఉంది. దాన్ని వాడొద్దు. టెన్షన్‌లో రెండుసార్లు నొక్కితే మళ్లీ మొదటికే వస్తుంది, ఏ లేయర్ సరైనదో ఆ తర్వాత గుర్తుండదు. అంకెల దగ్గరే సరిచేయాలి. పాలిగాన్ వరసను కాపీ చేసి, ఖాళీ ఉన్న ప్రతి చోటా కొత్త లైను వచ్చేలా మార్చండి. ఎక్సెల్లో కామా దగ్గర రెండు కాలమ్‌లుగా విడగొట్టండి. పైన అక్షాంశం, రేఖాంశం అని పేర్లు పెట్టండి. పేర్లు పెట్టాకే కాలమ్‌లను అటూ ఇటూ మార్చండి.

తారుమారైతే కంటికి కనిపిస్తుంది కాబట్టి దిద్దుకోవచ్చు. కనిపించకుండా ముంచేది ఇంకొకటి ఉంది: డిగ్రీలు, నిమిషాలు. ఎవరైనా బులెటిన్ చూసి చేత్తో టైపు చేసిన అంకెలు మీ దగ్గరికి వస్తే, 18 డిగ్రీల 30 నిమిషాలను 18.30 అని రాసి ఉండొచ్చు. అది నిజానికి 18.50. తేడా 22 కిలోమీటర్లు. శ్రీకాకుళం పట్నం దగ్గర ఆగినట్టు కనిపించే హద్దు నిజానికి నరసన్నపేట దాటి ఉంటుంది. మ్యాప్ మాత్రం చక్కగానే కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. నేను పట్టుకునే పద్ధతి ఇది: పాయింట్లు చాలా ఉండి, చుక్క తర్వాతి రెండంకెలు ఒక్కదానిలో కూడా 59 దాటకపోతే అవి నిమిషాలే అయ్యుండొచ్చు. అసలు బులెటిన్ తెరిచి చూసేదాకా ముందుకు వెళ్లకూడదు.

మొదటి పాయింటు, చివరి పాయింటు ఒక్కటే అయ్యుండాలి. కాకపోతే కాపీ చేసేటప్పుడు ఏదో జారిపోయింది. చేత్తో కలిపి మూసేయకండి, ఫైలు నుంచి మళ్లీ తీసుకోండి.

ఆఖరి పరీక్ష: అదే షీటులో, అదే వరసలో కళింగపట్నం పాయింటును కూడా ఎక్కించండి. అది వంశధార సముద్రంలో కలిసే చోట కూర్చుంటే అక్షాంశ రేఖాంశాల వరస సరిగ్గా ఉన్నట్టే. సముద్రంలోనో కొండల్లోనో పడితే మ్యాప్ ఎవరికీ పంపకూడదు.

ఎక్కించడం తేలిక. పాయింట్లను డబ్ల్యూకేటీ (ఆకారాన్ని అక్షరాల్లో రాసే పద్ధతి) రూపంలో కలిపి, డీలిమిటెడ్ టెక్స్ట్ లేయర్‌గా తెరవండి. ఆ రూపంలో కామాలు వస్తాయి కాబట్టి కాలమ్‌లు విడదీసే గుర్తుగా సెమీకోలన్ పెట్టండి. కోఆర్డినేట్ పద్ధతి ఈపీఎస్‌జీ 4326, అంటే మామూలు అక్షాంశ రేఖాంశాలు.

తుఫాను కేంద్రం చుట్టూ గాలుల పరిధి కూడా వేయాలంటే ముందు లేయర్‌ని మీటర్లలోకి మార్చాలి. డిగ్రీల్లో ఉంచి వంద అని కొడితే వంద డిగ్రీల వలయం వస్తుంది. 84 డిగ్రీల రేఖ మన జిల్లా మధ్య నుంచే పోతుంది. మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో శ్రీకాకుళం పట్నం 44వ జోన్లో, పలాస, ఇచ్ఛాపురం 45లో పడతాయి. మొత్తానికి 45 ఒక్కటే వాడండి, మనకు తుఫాను వచ్చేది తూర్పు సముద్రం నుంచే కాబట్టి. ఈపీఎస్‌జీ 32645. నాటికల్ మైళ్లను 1852తో గుణిస్తే మీటర్లు వస్తాయి. గాలుల పరిధిని బులెటిన్‌లో నాలుగు మూలలకూ వేర్వేరుగా ఇస్తారు. ఒకే గుండ్రని వలయం గీయడం తప్పు. వెడ్జ్ బఫర్ (వలయంలో ఒక ముక్కను గీసే) టూల్‌తో ఈశాన్యానికి 45 డిగ్రీల దిశ, 90 డిగ్రీల వెడల్పు ఇచ్చి, మిగతా మూడూ అలాగే వేయండి.

ఈ శ్రమ ఎందుకంటే, మన వైపు తుఫాను వెళ్లే దారికి కుడి పక్కన గాలి, ఉప్పెన ఎక్కువ. 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది, కుడి పక్కన ఉన్నవి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు. "విశాఖ దగ్గర దాటుతుందట, మనకేం లేదు" అనే మాట ఇక్కడ ప్రాణాల మీదకు తెస్తుంది. బులెటిన్‌లో కనిపించే కోన్ కూడా అంతే. తుఫాను కేంద్రం ఎటు పోవచ్చో చెప్పేదే ఆ కోన్. దాని బయట ఉన్న ఊళ్లకు గాలి రాదని ఎవరూ చెప్పలేదు.

రంగులు వాతావరణ శాఖవే వాడాలి: పసుపు, నారింజ, ఎరుపు. ఊరి పేర్లు కింద నుంచి కనిపించేలా పారదర్శకంగా ఉంచండి, పేర్లు తెలుగులోనే రాయండి. హెచ్చరిక మొదలయ్యే టైము, ముగిసే టైము బొమ్మ లోపలే పెద్ద అక్షరాల్లో వేయండి. కింద రాసిన మెసేజ్ ఫార్వర్డ్ చేసేటప్పుడు ఊడిపోతుంది. అప్‌డేట్ వస్తే పాత పాలిగాన్‌ని దిద్దవద్దు, కొత్త లేయర్ చేసి పాతదాన్ని ఆపేయండి. క్యాన్సిల్ వస్తే మ్యాప్ పంపిన ప్రతి గ్రూపుకీ ఆ మాట కూడా పంపండి, గ్రూపులో పాత బొమ్మను డిలీట్ చేయండి.