మోడల్ రైళ్ల షోకి పోయే ముందు
పాలమూరు, నల్లగొండ వైపు నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో పెద్ద షోకి బయల్దేరే వాళ్లు ఇవి చూసుకోండి.

మీ స్కేల్ (అసలు రైలులో మోడల్ ఎన్నో వంతు అనేది) ఏదో ఫోన్‌లో రాసుకోండి. హెచ్‌ఓ అంటే 1:87, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు, ఎన్ అంటే 1:160, 9 మిల్లీమీటర్లు. హడావిడిలో మారిందంటే ఇంజిన్ ఇంట్లో పట్టాలే ఎక్కదు, డబ్బంతా పోయినట్టే. బ్రిటిష్ ఓఓ స్కేల్ ఇంకా మోసం, అదీ 16.5 మీదే నడుస్తుంది, కానీ 1:76 కాబట్టి మీ హెచ్‌ఓ బోగీల ముందు లావుగా కనిపిస్తుంది. (మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, లెక్కకు హెచ్‌ఓలో 19 దాటాలి, అయినా ఇండియన్ మోడళ్లు మామూలుగా 16.5 మీదే వస్తాయి, దానికోసం స్టాల్ వాళ్లతో పంచాయితీ వద్దు.)

అడాప్టర్ మీద వోల్టేజీ చదవండి. అమెరికా సెట్‌తో 120 వోల్టులది వస్తే మన 230 ప్లగ్గులో కాలిపోతుంది.

ఇంజిన్ డీసీదా (పట్టాల్లో వోల్టేజీ మార్చి నడిపేది) డీసీసీదా (డిజిటల్ సిగ్నళ్లతో నడిపేది) అడగండి. డీకోడర్ (ఆ సిగ్నళ్లను చదివే చిన్న సర్క్యూట్) లేని ఇంజిన్‌ను డీసీసీ పట్టా మీద నిలిపి ఉంచితే మోటారు వేడెక్కి పాడవుతుంది.

సెకండ్‌హ్యాండ్ ఇంజిన్‌ను ముందుకీ వెనక్కీ, ముఖ్యంగా బాగా నెమ్మదిగా నడిపించి చూడండి. స్పీడులో లోపాలు తెలియవు.

పాత తువ్వాలు, గట్టి డబ్బా పట్టుకుపోండి. జనరల్ బోగీ రద్దీలో ముందు విరిగేవి కప్లింగులే (బోగీలను కలిపే కొక్కేలు).

పాలమూరు వాళ్లు కాచిగూడలో తిరుగు బండి టైము పొద్దున్నే చూసుకోండి, మోడల్ రైళ్లు తిరిగే లేఅవుట్ ముందు నిలబడితే టైమే తెలియదు.